లీవ్ మీద వచ్చిండా, క్యాన్సలా?

ఉత్తర తెలంగాణలో ఏ పల్లెలోనైనా బస్సు దిగి, లీవ్ అంటే ఏమిటని అడిగి చూడండి. ఇంగ్లిష్ సార్ అయితే 'వెళ్ళిపోవడం' అంటాడు. మిగిలిన ఊరంతా 'రావడం' అంటుంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఈ మాట ఒంటరిగా వినపడదు. పక్కన 'మీద' ఉండాల్సిందే. 'ఫలానోళ్ళ కొడుకు లీవ్ మీద వచ్చిండు.' 'దసరాకు లీవ్ మీద వస్తుండట.' బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా ప్రాంతం బతుకుతెరువును మూడు మాటల్లో చెప్పేస్తారు. ఆ మూడో దారి పట్టినవాళ్ళలో చాలామందికి రెండేళ్ళకోసారి రెండు నెలలు ఇంటికొచ్చే వీలుండేది. ఆ రెండు నెలల పేరే లీవ్.

మా బాపు 2003లో ఖతర్ పోయాడు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. ఏబీసీడీల కంటే ముందు నాకు తెలిసిన ఇంగ్లిష్ మాట లీవ్. లీవ్ అంటే తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె, దానిమీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో బాపు పేరు. లీవ్ అంటే టాంగ్ పొడి, నీడో పాలడబ్బా, టైగర్ బామ్, పులిబొమ్మ ఉన్న మందపాటి దుప్పటి. లీవ్ అంటే అమ్మ గొంతు కాస్త పెద్దదవడం. స్కూల్లో 'లీవ్ అనగా విడిచి వెళ్ళుట' అని రాయించినప్పుడు, ఇది వేరే లీవ్ కాబోలు అనుకున్నాను.

ఊళ్ళోకి మనిషి రాగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే. 'లీవ్ మీద వచ్చిండా, క్యాన్సలా?'

క్యాన్సల్ అంటే వీసా రద్దు చేసుకుని పూర్తిగా వచ్చేయడం. లీవ్ అంటే మళ్ళీ పోతాడు. అందులో ఒక చిత్రం ఉంది. లీవ్ అని చెబితే అప్పిచ్చినవాళ్ళు నిమ్మళంగా ఉంటారు. క్యాన్సల్ అని చెబితే తెల్లారేసరికి వాకిట్లో ఉంటారు. ఇంట్లోవాళ్ళకు మాత్రం క్యాన్సలే ఇష్టం. కానీ పైకి అనలేరు.

ఇప్పుడు నేను నర్సును. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో డ్యూటీ చేస్తూ, సాయంత్రాలు జర్మన్ నేర్చుకుంటున్నాను. నాలాంటివాళ్ళు మా బ్యాచ్‌లో చాలామందే ఉన్నారు. అక్కడ నర్సు ఉద్యోగం కావాలంటే ముందు భాష రావాలి. అలా ఒక రోజు 'ఉర్లౌబ్' అనే మాట వచ్చింది. జర్మన్‌లో ఉద్యోగి తీసుకునే సెలవును ఉర్లౌబ్ అంటారు. మా టీచర్ బోర్డు మీద దాని పక్కనే ఇంకో మాట రాసింది: 'ఎర్లౌబెన్'. అంటే అనుమతించడం. రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయట. పాతకాలంలో ఉర్లౌబ్ అంటే అనుమతే. దొర కొలువులో ఉన్న వీరుడు బయటికి వెళ్ళాలంటే దొరను అడగాలి. ఆయన సరే అంటే అది ఉర్లౌబ్. ఆ అనుమతే తర్వాత వెళ్ళడమైంది, ఆ వెళ్ళడమే చివరికి సెలవైంది.

ఇంగ్లిష్ లీవ్ కథ కూడా అచ్చం ఇదే. నిజానికి ఇంగ్లిష్‌లో లీవ్ ఒక మాట కాదు, ఒకేలా వినపడే రెండు మాటలు. మనం ఆఫీసులో 'పెట్టే' లీవ్ వేరు, ఇల్లు విడిచి వెళ్ళే లీవ్ వేరు. పుట్టుకలు వేరు, వంశాలు వేరు.

ముందు ఆఫీసు లీవ్ సంగతి. పాత ఇంగ్లిష్‌లో దానికి అర్థం అనుమతి. అందుకే 'టేక్ లీవ్' అంటే వీడ్కోలు తీసుకోవడం అయింది. అసలు అర్థం 'పోవడానికి అనుమతి తీసుకోవడం' అన్నమాట. 18వ శతాబ్దంలో సైనికులు కొన్నాళ్ళు దళం వదిలి ఉండటానికి ఇచ్చే అనుమతికి ఇదే పేరు పెట్టారు. అక్కడి నుంచి ఆఫీసులకు, స్కూళ్ళకు పాకింది. మనం చిన్నప్పుడు రాసిన లీవ్ లెటర్ గుర్తుందా? జ్వరం వచ్చిందనో, అక్క పెళ్ళనో కారణం ఏదైనా, చివరికి 'దయచేసి లీవ్ మంజూరు చేయగలరు' అనే రాసేవాళ్ళం. ఇప్పుడు యాప్‌లో బటన్ నొక్కుతాం. 'పెండింగ్' అని పసుపు రంగులో కనిపిస్తుంది, 'అప్రూవ్డ్' అని ఆకుపచ్చగా మారుతుంది. దొర పోయాడు, యాప్ వచ్చింది. అడగడం మాత్రం పోలేదు.

మన సెలవు కూడా అంతే కదా. బడికి సెలవు. 'ఇక సెలవు' అంటే వీడ్కోలు. 'వెళ్ళడానికి సెలవిప్పించండి' అంటే అనుమతి. పెద్దాయన ఏదైనా చెబితే 'ఏమని సెలవిచ్చారు?' అంటాం, అంటే ఆయన మాటే ఒక అనుమతి. ఇంగ్లిష్, జర్మన్ ఒక కుటుంబం భాషలు కాబట్టి వాటికి పోలిక ఉండటం వింత కాదు. తెలుగు వేరే కుటుంబం. అయినా ఇదే దారిలో నడిచింది. ఎక్కడైనా సరే, కొలువులో ఉన్న మనిషి కాళ్ళు తనవే అయినా కదలాలంటే ఇంకొకరి నోటి మాట కావాలి. అందుకే కాబోలు, అనుమతి, వెళ్ళడం, విశ్రాంతి మూడూ ఒకే మాటలో ఇరుక్కున్నాయి.

మా హాస్టల్ రూమ్‌మేట్ తమిళమ్మాయి. ఒకసారి ఫోన్‌లో వాళ్ళమ్మతో 'ఈ నెల సెలవు జాస్తి' అని తమిళంలో మొత్తుకుంటుంటే, ఇంత డ్యూటీలో ఈమెకు అన్ని సెలవులు ఎవరిచ్చారా అని కుళ్ళుకున్నాను. తర్వాత తెలిసింది, తమిళంలో సెలవు అంటే ఖర్చు. 'సెల్' అంటే వెళ్ళు. చేతిలోంచి వెళ్ళిపోయేది సెలవు. నవ్వొచ్చింది గానీ, గల్ఫ్ ఇళ్ళలో ఆ అర్థమూ సరిగ్గానే సరిపోతుంది. బాపు లీవ్ మీద వచ్చిన రెండు నెలల్లో రెండేళ్ళ సంపాదన సెలవైపోయేది. చెల్లెలి పెళ్ళి, బోరు, ఇంటి స్లాబు, పాత బాకీ మిత్తి.

అనుమతి అనే అర్థం నాకు బాగా తెలిసింది మాత్రం నిఘంటువులో కాదు.

2014లో మా బాపమ్మ చనిపోయింది. గురువారం రాత్రి. బాపుకు ఫోన్ చేశాం. అప్పట్లో ఖతర్‌లో పనిచేసే విదేశీ కార్మికుడు దేశం దాటాలంటే పాస్‌పోర్టు, టికెట్ ఉంటే చాలదు. కఫీల్, అంటే అతన్ని పనికి తెప్పించుకున్న యజమాని, సంతకం చేసిన ఎగ్జిట్ పర్మిట్ కావాలి. అక్కడ శుక్ర, శనివారాలు ఆఫీసులకు సెలవు. సంతకం పెట్టాల్సినాయన ఊళ్ళో లేడన్నారు. శనివారం దాకా బాపమ్మను ఫ్రీజర్ పెట్టెలో ఉంచాం. కరెంటు పోయినప్పుడల్లా చిన్నబాపు లేచి జనరేటర్ దగ్గరికి పరుగెత్తేవాడు. శనివారం మధ్యాహ్నం బాపు ఫోన్ చేసి, 'కానియ్యుండ్రి' అన్నాడు. ఆ ఒక్క మాటే. చిన్నబాపు తలగోరు పెట్టాడు. బాపు మంగళవారం పొద్దున దిగాడు.

అప్పుడు కూడా ఊళ్ళో ఎవరో అలవాటుగా అడిగారు. 'లీవ్ మీద వచ్చిండా?'

ఔను, లీవ్ మీదే. ఆ మాట పుట్టినప్పుడు ఏ అర్థం ఉందో, సరిగ్గా ఆ అర్థంలో. ఒకాయన సరేనంటే వచ్చాడు.

అడిగే ఓపిక లేనివాళ్ళు, అడిగినా దొరకనివాళ్ళు చెప్పకుండా కంపెనీ వదిలేసేవాళ్ళు. వాళ్ళను మా వైపు 'ఖల్లివల్లి' అంటారు. గల్ఫ్ అరబ్బీలో 'పోనీ, వదిలెయ్' అని అర్థం. వినడానికి సరదాగా ఉంటుంది. బతకడానికి ఉండదు. కాగితాలు లేని మనిషి ఆస్పత్రికి పోలేడు, ఇంటికీ రాలేడు. 2016లో ఖతర్ ప్రభుత్వం అలాంటివాళ్ళకు మూడు నెలల క్షమాభిక్ష ప్రకటిస్తే, మా పక్క వాడకట్టు ఆయన ఏడేళ్ళ తర్వాత ఇల్లు చూశాడు. ఇంగ్లిష్‌లోనూ దీనికో పేరుంది. చెప్పాపెట్టకుండా జారుకోవడాన్ని వాళ్ళు 'ఫ్రెంచ్ లీవ్' అంటారు. ఫ్రెంచివాళ్ళేమో అదే పనిని 'ఇంగ్లిష్ పద్ధతిలో జారుకోవడం' అంటారు. అడక్కుండా పోవడం తప్పని ఇద్దరూ ఒప్పుకున్నారు, ఆ తప్పు మాత్రం పక్కదేశం మీదికి నెట్టారు. అడిగితే ఎందుకు ఇవ్వరన్నది ఆ రెండు పేర్లలోనూ లేదు.

2018లో ఖతర్ ఒక చట్టం చేసి, ఎక్కువమంది కార్మికులకు ఈ ఎగ్జిట్ పర్మిట్ అక్కర్లేదంది. 2020 జనవరిలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకూ అది వర్తింపజేసింది. బాపు అప్పటికే క్యాన్సల్ చేసుకుని వచ్చేశాడు. 2017లో. వార్త టీవీలో చూసి, 'మంచిగైంది' అన్నాడు. లేచి పొలానికి పోయాడు.

అనుమతి హక్కుగా మారడం చిన్న విషయం కాదు. మన దేశంలో ప్రసూతి సెలవు చట్టం 1961లోనే వచ్చింది. 2017లో దాన్ని సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు 12 వారాలున్న సెలవును 26 వారాలు చేశారు. మా వార్డులో సీనియర్ అక్క ఆ సెలవు మీద వెళ్ళినప్పుడు కూడా అప్లికేషన్‌లో 'దయచేసి' అనే రాసింది. చట్టం హక్కు అంటోంది, మన చెయ్యి ఇంకా దయ అనే రాస్తోంది. మాట లోపల దాక్కున్న దొర అంత తొందరగా పోడు.

ఇక రెండో లీవ్. ఇల్లు విడిచి వెళ్ళే లీవ్.

దీని కథ నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. ఇది పుట్టినప్పుడు వెళ్ళడమనే అర్థమే లేదు. పాత ఇంగ్లిష్‌లో దీనికి అర్థం 'మిగల్చడం, ఉండనివ్వడం'. ఒక మనిషి చనిపోతూ పిల్లలకు ఆస్తి మిగిల్చాడు అనడానికి ఈ మాట వాడేవాళ్ళు, ఇప్పటికీ వాడతారు. ఏదైనా వెనక మిగిల్చాలంటే మనం ముందుకు కదలాలి కదా. అలా 13వ శతాబ్దం నాటికి, మిగిల్చే పని మీది నుంచి అర్థం మెల్లగా కదిలిపోయే మనిషి మీదికి జరిగింది. 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని ఓటేసినప్పుడు బ్యాలెట్ మీద 'రిమెయిన్', 'లీవ్' అనే రెండు మాటలు ఎదురుబొదురుగా ఉన్నాయి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిష్ మనిషిని అడిగితే రెండూ ఒక గూటి మాటలే అనేవాడేమో.

జర్మన్‌లో దీని చుట్టం 'బ్లైబెన్'. దానికి అర్థం, ఉండిపోవడం. ఒకే తల్లి బిడ్డలు. ఒకామె ఇంగ్లండ్ వెళ్ళి 'వెళ్ళిపోవడం' అయింది, ఒకామె జర్మనీలో ఆగి 'ఉండిపోవడం' అయింది. ఆ తల్లికి ఇంకా వెనక్కి వెళితే అసలు అర్థం అంటుకోవడం, జిగురులా పట్టుకోవడం. బతుకు అని అర్థమొచ్చే ఇంగ్లిష్ 'లైఫ్' కూడా ఆ వేరుదే. మన సంస్కృతంలో ఆ వేరు కొమ్మ 'లేపనం'. నేను రోజూ పుండ్ల మీద రాసే ఆయింట్‌మెంట్. మొదటి లీవ్‌కీ మన దగ్గర చుట్టముంది. అనుమతి లీవ్, ప్రేమ అని అర్థమొచ్చే 'లవ్' ఒకే వేరు. సంస్కృతంలో ఆ వేరుకు పుట్టినది 'లోభం'. ఇష్టం ఉంటే ఇచ్చేది అనుమతి, ఇష్టం మితిమీరితే లోభం. బాపు కఫీల్ గురించి ఆలోచిస్తే ఈ చుట్టరికం నాకు అతికినట్టే ఉంది.

వెళ్ళడమనే మాటంటే మన భాషకూ భయమే. పాత తెలుగులో 'చను' అంటే వెళ్ళు. 'చనిపోవడం' అంటే విడదీసి చూస్తే వెళ్ళి పోవడం, అంతే. 'పోయిండు' అన్నా అదే అర్థం తీసుకుంటాం. అందుకే గడప దాటేవాళ్ళెవరూ 'పోత' అనకూడదు. 'పోయొస్త' అనాలి. కోస్తావాళ్ళు 'వెళ్ళొస్తా' అంటారు. బాపు 'పోయొస్త' అన్న ప్రతిసారీ బాపమ్మ 'పోయిరా బిడ్డా' అనేది. అదీ అనుమతే. కాకపోతే అందులో 'రా' కూడా ఉంది. కాగితం మీద పెట్టే ఏ సంతకంలోనూ నాకు ఆ 'రా' కనపడలేదు.

బాపు పద్నాలుగేళ్ళు లేడని అందరూ అంటారు. నేనూ అనేదాన్ని. కానీ ఆ రెండో లీవ్ పాత అర్థం తెలిశాక లెక్క వేరేలా వేయబుద్ధవుతోంది. ఆయన వెళ్ళాడు సరే, ఏం మిగిల్చి వెళ్ళాడు? బోరు మిగిలింది, స్లాబు మిగిలింది. నా నర్సింగ్ ఫీజు మిగిలింది. వాటితో పాటు అమ్మ ఒక్కతే మిగిలింది. బ్యాంకు ఫారాలు నింపడం, కైకిళ్ళను మాట్లాడుకోవడం, రాత్రి మోటరు పెట్టడానికి టార్చిలైటుతో పోవడం అన్నీ నేర్చుకున్న అమ్మ. గల్ఫ్ గురించి మాట్లాడితే అందరం వెళ్ళినవాళ్ళ కథే చెబుతాం. ఆ క్రియ మొదట్లో మిగిలినవాళ్ళది. వాళ్ళ పేరు మీద ఉన్న మాటను కూడా వెళ్ళినవాళ్ళే పట్టుకుపోయారు.

ఇప్పుడు నా వంతు. జర్మన్ పరీక్ష పాసైతే మిగతా కాగితాలు మొదలవుతాయి. వాట్సాప్ స్టేటస్‌లో ఎవరెవరో విమానం రెక్క ఫొటో పెడుతుంటే నాకూ కడుపులో ఏదో తిరుగుతుంది. అది సంతోషమే, భయం కూడా. మీలో ఎంతమందికి ఇది తెలుసో నాకు తెలుసు. హైదరాబాద్ హాస్టల్ కావచ్చు, బెంగళూరు పీజీ కావచ్చు, డల్లాస్ కావచ్చు. మన తరం వెళ్ళడం గురించే చదువుకుంది. ఏం మిగులుతుందన్నది సిలబస్‌లో లేదు.

అందుకే ఈసారి ఇంట్లో కూర్చుని చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఎంత జీతం, ఎంత పంపగలను, అమ్మ మోకాళ్ళ నొప్పికి ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్తారు, మోటరు ఎవరు పెడతారు. అమ్మ అన్నీ విని, 'లీవ్ ఇస్తరా అక్కడ?' అంది. ఇస్తరా కాదమ్మా, ఉంటది అన్నాను. జర్మనీలో 1963లోనే దానికి చట్టం ఉంది. వారానికి ఆరు రోజుల పని లెక్కన ఏడాదికి కనీసం 24 రోజులు, జీతంతో సహా. తేదీలు కుదుర్చుకోవాలి గానీ, ఎవరి దయా అక్కర్లేదు.

బాపు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

'పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటది?' అన్నాడు.

'నా దగ్గరే, బాపూ.'

'ఎప్పుడన్న రావచ్చా?'

'ఎప్పుడన్న.'

తలూపాడు. 'అయితే పోయిరా బిడ్డా' అన్నాడు.